అమీనా గారి నడక

ఈ వృత్తిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "సార్, పెద్దవయసు వాళ్ళలో వచ్చే డిప్రెషన్‌కి వ్యాయామం నిజంగా వైద్యమేనా, మీ అనుభవంలో ఏం చూశారు" అని అడుగుతుంటారు. అవునని ఎవరైనా గట్టిగా చెబితే నేను ఎగాదిగా చూస్తాను. కాదని గట్టిగా చెబితే ఇంకాస్త ఎగాదిగా చూస్తాను. నాది మొదటి నుంచీ అనుమానపు బుర్ర. ఉద్యోగమంతా దాంతోనే నెట్టుకొచ్చాను, ఇప్పుడు మార్చుకునే ఉద్దేశం లేదు. అందుకని జవాబు చెప్పకుండా ఒక మనిషి సంగతి చెబుతాను.

తొంభైల చివరి రోజులవి. నేను నందిగామలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుని. ఆ పేరు పలికే ఓపిక మా వైపు ఎవరికీ ఉండేది కాదు, "కరెంటు పెట్టే ఆయన" అనేవారు. నడుం నొప్పులు, మోకాళ్ళ నొప్పులు, పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయిన వాళ్ళు, ఇదీ నా లోకం. మంగళవారం, శుక్రవారం మాత్రం పొద్దున్నే బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళి, అక్కడ మా ఆస్పత్రి వాళ్ళ చిన్న క్లినిక్‌లో కూర్చునేవాణ్ణి. సిమెంటు లారీల వెనక దుమ్ము తింటూ వెళ్ళడం, సాయంత్రం అదే దుమ్ము తింటూ తిరిగి రావడం.

మా డాక్టరు గారు ఒకసారి హైదరాబాదులో ఏదో సదస్సుకి వెళ్ళొచ్చి నన్ను గదిలోకి పిలిచారు. "పెద్దవాళ్ళలో దిగులు జబ్బుకి మాత్రలతో పాటు వ్యాయామం కూడా ఇవ్వాలయ్యా. ఊరికే సలహాగా కాదు, మందు రాసినట్టు రాయాలి. ఇక నుంచి అలాంటి వాళ్ళని నీ దగ్గరికి పంపిస్తా" అన్నారు. నాకు వెంటనే అనుమానం వచ్చింది. మాత్రలకి లొంగని కేసులన్నీ నా నెత్తిన రుద్దుతున్నారనుకున్నాను. డిప్రెషన్ అంటే మా కృష్ణా జిల్లాలో రేడియోలో చెప్పే తుఫాను కబురే తప్ప ఇంకోటి తెలియని కాలం. ఎవరింటికో వెళ్ళి అక్కడి ముసలాయన చేత గుంజీళ్ళు తీయిస్తే వాళ్ళ వాళ్ళు నన్ను గడప తొక్కనిస్తారా?

మాకో కాంపౌండరు ఉండేవాడు. గోడ గడియారాన్ని కూడా తన చేతి గడియారంతో సరిచూసుకుంటే గానీ నమ్మని మనిషి. "సారూ, తగ్గితే డాక్టరు గారి పేరు, తగ్గకపోతే మీ పేరు. ఆలోచించుకోండి" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

అలా నా చేతికి వచ్చిన మొదటి మనిషి జగ్గయ్యపేటలో రిటైరైన కోర్టు అమీనా. ఈ తరానికి ఆ ఉద్యోగం తెలియకపోవచ్చు. కోర్టు పంపిన సమన్లు ఇంటికి తెచ్చి చేతికివ్వడం, తీర్పు అమలు కాకపోతే వచ్చి ఇంట్లో సామాను జప్తు చేయడం, ఇల్లు ఖాళీ చేయించడం, ఇవన్నీ చేసేవాణ్ణి మా వైపు అమీనా అనే పిలిచేవారు. నందిగామ కోర్టులో మొదలుపెట్టి జగ్గయ్యపేట కోర్టులో రిటైరయ్యారాయన. రిటైరైన ఏడాది బాగానే ఉన్నారట. తర్వాత ఒక్కొక్కటే మానేశారు. ముందు పేపరు చదవడం, తర్వాత గడ్డం గీసుకోవడం, తర్వాత మాట. డాక్టరు గారు మాత్రలు మొదలుపెట్టారు గానీ ఫలితం అంతంతమాత్రం.

నేను వెళ్ళేసరికి వసారాలో పడక్కుర్చీ వేసుకుని వీధి వైపు కాకుండా గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఆయన భార్య నాకు మంచినీళ్ళిచ్చి పక్కన నిలబడ్డారు.

"ఎవరు పంపారు మిమ్మల్ని?" అన్నారు ఆయన, తల తిప్పకుండానే.

"డాక్టరు గారండి."

"కాగితం ఉందా?"

చీటీ ఇచ్చాను. వెనకా ముందూ తిప్పి చూశారు. "నడక, వ్యాయామం" అని చదివి, ముద్ర లేదని పెదవి విరిచారు. చీటీ మడిచి నా చేతిలోనే పెట్టారు.

"నేను ఉద్యోగమంతా నడిచానండి. సైకిలు మీద కొంత, సైకిలు వెళ్ళని చోటికి కాళ్ళ మీద కొంత. నడిస్తే పోయే జబ్బయితే అసలు నాకు రాకూడదు కదా."

అది నాకు తోచని ప్రశ్న. కొంచెం ఆలోచించి, "నడక ఆగిపోయిన తర్వాతే కదండీ వచ్చింది" అన్నాను.

"అది వాదన. సాక్ష్యం కాదు" అన్నారు.

బయటికొచ్చాక ఆవిడ నా వెనకే గుమ్మం దాకా వచ్చారు. "అన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్ళయిందో బాబూ. నువ్వు మళ్ళీ రా. ఆయనకి ఇష్టం లేకపోయినా రా" అన్నారు.

ముందు ఇంట్లోనే మొదలుపెట్టాం. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, కూర్చోవడం, గోడని నెట్టడం, ఉన్నచోటే మోకాళ్ళు ఎత్తి నడవడం. చెప్పింది చెప్పినట్టు చేసేవారు గానీ మొహంలో ఏమీ ఉండేది కాదు. జడ్జి గారు వస్తే లేవాలి కాబట్టి లేచినట్టు లేచేవారు. కొన్ని వారాలయ్యాక ఆవిడ "నిద్ర కాస్త పడుతోంది బాబూ, అన్నం కూడా మారు వడ్డించుకుంటున్నారు" అన్నారు. నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక అలా అంటున్నారేమోనని అనుమానించాను. కానీ ఆయన కాళ్ళు గట్టిపడుతున్న సంగతి నా చేతికి తెలుస్తూనే ఉంది.

ఇక బయటికి తీసుకెళ్ళమని డాక్టరు గారు చెప్పారు. మాట్లాడటానికి వీలుండాలి, పాడటానికి ఊపిరి చాలకూడదు, అదీ నడవాల్సిన వేగం. ఒక శుక్రవారం పొద్దున ఇద్దరం వీధిలోకి బయల్దేరాం. ఉతికిన చొక్కా వేసుకున్నారు, చంకలో గొడుగు పెట్టుకున్నారు. చాలాకాలానికి బయటికొచ్చిన పేషెంటుని చూస్తే మా వాళ్ళకి కలిగే సంతోషం నాకూ కలిగింది.

మొదటి ఇంటి ముందు నుంచి వెళ్తుంటే తలుపు పడింది. గాలికేమో అనుకున్నాను. రెండో ఇంటి ముందు కూర్చున్నాయన పేపరు మడిచి లోపలికెళ్ళిపోయాడు, ఆ తలుపూ పడింది. ఇంకా ముందుకి పోతే, వాకిట్లో గుడ్డలు ఆరేస్తున్న ఆవిడ బకెట్ అక్కడే వదిలేసి లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది. గడియ చప్పుడు మా ఇద్దరికీ వినపడింది. ఆస్పత్రి వాణ్ణి వెంట పెట్టుకొచ్చారని అంటురోగం అనుకుంటున్నారేమోనని నేను నా చేతిలో సంచి కూడా దాచాను. అంత తెలివి నాది.

వీధి సగంలో ఆయన ఆగిపోయారు.

"చూశారా? రిటైరయ్యానని వీళ్ళకి ఎవరూ చెప్పలా."

"అమీనా గారూ, పట్టించుకోకండి, వాళ్ళే..."

"ఇంటికి పోదాం పదండి."

వెనక్కి వచ్చి మళ్ళీ గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఆ తర్వాత రెండు వారాలు కుర్చీలోంచి లేవమన్నా లేవలేదు, అన్నం కూడా మునుపటికి వచ్చేసింది. వ్యాయామం మనిషిని బాగుచేస్తుందని డాక్టరు గారంటే, ఉన్నదాన్ని కూడా చెడగొట్టిందని నేను వెళ్ళి చెప్పాను. ఆయనకి కోపమొచ్చింది. "వ్యాయామం చెడగొట్టలేదయ్యా, వీధి చెడగొట్టింది. తలుపులు లేని చోట నడిపించు" అన్నారు.

తలుపులు లేని చోటంటే ఊరి బయట సాగర్ కాలవ గట్టు. ఆ మాట అమీనా గారితో అంటే ఈసారి కాగితం అడగలేదు. సరేనన్నారు. నేను లేని రోజుల్లో కూడా ఒక్కరే పొద్దున్నే వెళ్ళొస్తున్నారని ఆవిడ చెప్పారు. రోజూ, ఎవరూ లేపకుండా. నడక వేగం కూడా పెరిగింది. డాక్టరు గారు మహా సంబరపడ్డారు. కాంపౌండరు మాత్రం "అంత మొండి మనిషి ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడంటారు?" అన్నాడు. అదే అనుమానం నాకూ ఉంది. కాళ్ళు బాగుపడ్డాయి గానీ మొహం మారలేదు. మాట్లాడితే జవాబు చెబుతారు, కళ్ళలోకి చూడరు.

ఈ సంగతి డాక్టరు గారికి చెబితే ఆయన సంబరం తగ్గింది. "కాళ్ళకి బలం ముందు వస్తుంది, మనసుకి తర్వాత. ఆ మధ్య రోజులు మంచివి కావు. ఆయన్ని ఒంటరిగా వదలకండి" అన్నారు. పిల్లలూ, ఈ ఒక్క మాట మాత్రం రాసి పెట్టుకోండి. పడుకున్న మనిషి లేచి తిరుగుతున్నాడు కదా అని మనం సంతోషించే రోజులే ఎక్కువ కాపలా కాయాల్సిన రోజులు.

ఆ మాట ఆవిడకి చెబుదామని ఆ తర్వాతి శుక్రవారం నేను వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. "కాలవకి వెళ్ళారు బాబూ. వాచీ, కళ్ళజోడూ ఇంట్లోనే పెట్టి వెళ్ళారు. ఎప్పుడూ అలా వెళ్ళరు" అన్నారు.   పక్కింటి వాళ్ళ సైకిలు అడిగి తీసుకుని తొక్కాను. దారిపొడుగునా నన్నూ, డాక్టరు గారినీ, ఆయన వెళ్ళొచ్చిన సదస్సునీ తిట్టుకుంటూనే ఉన్నాను.

తూము దగ్గర గట్టు మీద కూర్చుని ఉన్నారు. చెప్పులు విప్పి పక్కన పెట్టారు. నేను సైకిలు పడేసి వెళ్ళి ఆయన పక్కనే కూర్చున్నాను. 

"సైకిలు అంత చప్పుడు చేసుకుంటూ వస్తే ఎదుటివాడు పారిపోడూ? మనిషిని పట్టుకోవడం అట్లా కాదండి" అన్నారు.

"ఎందుకొచ్చారు ఇక్కడికి? నిజం చెప్పండి."

నీళ్ళవైపే చూస్తూ చెప్పారు. "మీరనుకున్నదానికే వచ్చా. ఇవాళ ఒక్కరోజే కాదు. వచ్చి కూర్చుంటా, మళ్ళీ పోతా."

"ఏమైందండీ మీకు?"

"ఏమీ కాలా. అదే. లేచి చేసే పనేముంది? ఇన్ని ఊళ్ళు తిరిగా, నేనొస్తే బాగుండుననుకునే గడప ఒక్కటైనా ఉందా? ఉద్యోగంలో ఉన్నప్పుడు అది ఉద్యోగం మీద పెట్టేవాణ్ణి. ఇప్పుడు దేని మీద పెట్టను?"

నాకు ఏడుపొచ్చింది. ఏడవకూడదని ఎక్కడా రాసి లేదు కాబట్టి కాస్త ఏడ్చాను కూడా. ఆయన నా వైపు వింతగా చూసి చెప్పులేసుకున్నారు. దారిలో, "ఇది ఇంట్లో చెప్పకండి" అన్నారు.

"చెబుతానండి. డాక్టరు గారికీ చెబుతా."

"సాక్షిగా పిలవకుండానే సాక్ష్యం చెబుతారా?"

"చెబుతా" అన్నాను. ఇంటికెళ్ళగానే ఆవిడకి అంతా చెప్పేశాను. నేను చెబుతున్నంతసేపూ ఆయన కుర్చీలో కూర్చుని నా వైపు చూసిన చూపుంది చూశారూ, ఆ చూపు నేను ఎప్పటికీ మర్చిపోను. కానీ మళ్ళీ అలాంటి రోజొస్తే మళ్ళీ చెబుతాను.

మర్నాడే డాక్టరు గారు నందిగామ నుంచి వచ్చారు. మాత్రలు మార్చారు, ఆయనతో చాలాసేపు విడిగా మాట్లాడారు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఏదీ ఉండకూడదన్నారు, ఒంటరిగా వదలొద్దన్నారు. నడక మాత్రం ఆపొద్దన్నారు. మరి వెంట వెళ్ళేదెవరు? నేను వారానికి రెండు రోజులే వస్తాను.

"నేనే వెళ్తా" అన్నారు ఆవిడ.

అన్నారే గానీ ఆవిడకి అది చిన్న సంగతి కాదు. మొగుడూ పెళ్ళాం పనీ పాటూ లేకుండా వీధిలో పక్కపక్కన నడవడం అప్పటికి మా ఊళ్ళలో లేదు. గుడికైతే ఆయన ముందు, ఆవిడ వెనక. "జనం నవ్వుతారేమో బాబూ" అని నాతో ఒకటికి రెండుసార్లు అన్నారు. కాలవ వైపు మాత్రం వద్దన్నారు, ఆ గట్టు చూడాలంటేనే ఆవిడకి భయం. కాబట్టి మళ్ళీ ఆ వీధే గతి. ఇంటి చీరతో వీధిలోకి వెళ్ళడం బాగుండదని జరీ అంచు చీర కట్టుకుని, తల్లో ఇన్ని పూలు పెట్టుకుని బయల్దేరారు. గొడుగు ఆయన దగ్గర నుంచి తీసుకుని ఆవిడే పట్టుకున్నారు. నేను నాలుగడుగులు వెనక.

మొదటి ఇంటి దగ్గరికి వచ్చాం. ఆ ఇంటావిడ మమ్మల్ని చూసి లేచింది. లోపలికి వెళ్ళలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని ఎదురొచ్చింది.

"రండి పిన్నిగారూ, పిలుపుకొచ్చారా? ఏం శుభకార్యం?"

"ఏం లేదమ్మా. ఊరికే నడుస్తున్నాం."

"ఊరికేనా?" అంది ఆవిడ, నమ్మకుండా. రెండో ఇంటాయన పేపరు పక్కన పెట్టి చాప తెప్పించబోయాడు. ఆయనా అదే అడిగాడు, అదే జవాబు విన్నాడు, ఆయనా నమ్మలేదు. వీధి చివరి దాకా ఒక్క తలుపూ పడలేదు.

తర్వాతి మంగళవారానికి పుకార్లు నందిగామ దాకా వచ్చేశాయి. మనవరాలికి సంబంధం చూస్తున్నారని ఒకరు, ఆ వీధిలో ఇల్లు కొంటున్నారని ఇంకొకరు. అసలు సంగతి తనకి చెప్పకుండా దాస్తున్నానని కాంపౌండరు నన్ను నిలదీశాడు. ఒక ముసలి మొగుడూ పెళ్ళాం ఊరికే నడుస్తారంటే మా జనం ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ మంగళవారం అమీనా గారు నా కోసం ఎదురుచూస్తున్నారు. కాలవ సంగతి బయటపెట్టాక మొదటిసారి నాతో మాట్లాడారు.

"తలుపులు ఎందుకు వేయలేదో తెలిసిందండి."

"ఎందుకంటారు?"

"అమీనా ఎక్కడైనా పెళ్ళాన్ని వెంటబెట్టుకుని జప్తుకొస్తాడా? అదీ సంగతి." చెబుతూ నా కళ్ళలోకి చూశారు. ఆయన దేని గురించైనా అంత ఆలోచించడం అప్పటికి నేను చూడలేదు.

అక్కడితో అంతా బాగైపోయిందని చెబితే మీరు నన్ను అనుమానించాలి. బాగున్న వారాలున్నాయి, మళ్ళీ గోడ వైపు తిరిగిన రోజులున్నాయి. కానీ అలాంటి రోజుల్లో కూడా ఆవిడ చీర మార్చుకుని గుమ్మంలో నిలబడితే ఆయన లేచేవారు. చెమట పట్టేదాకా నడిచేవారు. నడకే తగ్గించిందని డాక్టరు గారు, మార్చిన మాత్రలని కాంపౌండరు, తను మొక్కుకున్న మొక్కు ఫలించిందని ఆవిడ. నేను ఎవరితోనూ వాదించలేదు. ఎవరి మాటా పూర్తిగా నమ్మలేదు.

చలికాలంలో ఒక మంగళవారం వెళ్ళేసరికి ఆవిడ మంచం మీద ఉన్నారు. జ్వరం. కుర్చీ ఖాళీగా ఉంది.

"ఒక్కరే వెళ్ళారు బాబూ. వద్దంటే వినలా. డాక్టరు గారు నడక ఆపొద్దన్నారుగా అంటూ వెళ్ళిపోయారు. వెనకాలే వెళ్ళు నువ్వు."

పరుగెత్తాను. కాలవ వైపు కాదు, వీధి వైపే వెళ్తున్నారు. ఒక్కరే, చంకలో గొడుగు. మళ్ళీ పాత అమీనా గారే. పిలుద్దామనుకుని ఆగిపోయాను. పిలిచి ఆపితే ఏమవుతుందో, ఆపకపోతే ఏమవుతుందో నాకు తెలియలేదు. దూరంగానే నడిచాను.

మొదటి ఇంటావిడ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. తలెత్తి ఆయన్ని చూసింది. ఆయన వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. ఎవరూ లేరు. చేట పక్కన పెట్టి లేచి లోపలికి వెళ్ళింది. తలుపు సగం మూసుకుంది.

ఆయన నడివీధిలో ఆగిపోయారు. నేను వెనక నుంచి చూస్తున్నాను కాబట్టి మొహం కనపడలేదు, భుజాలు కిందికి దిగడం మాత్రం కనపడింది. అన్ని నెలల కష్టం పోయిందనుకున్నాను. వెళ్ళి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోదామని రెండడుగులు వేశాను.

తలుపు తెరుచుకుంది. ఆవిడ చేతిలో మూత పెట్టిన స్టీలు గిన్నె ఉంది.

"పిన్నిగారికి జ్వరమట కదా బాబాయిగారూ, పనామె చెప్పింది. మిరియాల చారు కాచా. వేడిగా ఉంది, కండువాతో పట్టుకోండి."

ఆయన గొడుగు నేల మీద పెట్టారు. రెండు చేతులతో కండువా మడతల్లో ఆ గిన్నె పట్టుకుని దాని వైపే చూస్తూ నిలబడ్డారు.

"ఇళ్ళల్లోంచి గిన్నెలు చాలా తీసుకెళ్ళానమ్మా. రసీదు రాసిచ్చి తీసుకెళ్ళేవాణ్ణి. దీనికీ రాయమంటావా?"

ఆవిడ నవ్వేసింది. "రసీదెందుకండీ. రేపు ఇటు నడిచేటప్పుడు గిన్నె తెచ్చిచ్చేయండి, చాలు."

"రేపా?" అన్నారు.

"ఆ, రేపే. మళ్ళీ చారు కాచుకోవాలంటే నాకు ఆ గిన్నే కావాలి."



"తెస్తానమ్మా" అన్నారు.